తలుపు ఈ ఏడే తెరవండి, అరువు బొమ్మలు వచ్చే ఏడు తెచ్చుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒడిశా బరంపురం నడిబొడ్డున, పాత బజారులో, మేడ కింది హాలు పదేళ్లకు అద్దె లేకుండా దొరికింది, పొడవు 60 అడుగులు, వెడల్పు 22, వీధి గుమ్మం పడమర, చేతిలో 6 లక్షలు ఉన్నాయి, దసరాకి తెరవాలి, పాత కుటుంబాల దగ్గరున్న పటచిత్రాలూ తాళపత్రాలూ పట్టుచీరలూ అరువు తెచ్చి అందరికీ ఉచితంగా చూపించాలి, అందుకు ఏసీ ఎన్ని టన్నులు, లైట్లు ఎన్ని, గోడకు ఏ రంగు అని అడిగారు. నా మాట ముందే చెప్పేస్తాను. దసరాకి తలుపు తెరవండి, కానీ ఒకరి ఇంట్లోంచి తెచ్చిన పాత వస్తువు ఒక్కటి కూడా ఈ ఏడు ఆ గోడ మీద పెట్టకండి. ఒక వానాకాలం మొత్తం ఆ హాలు ఎలా ఉంటుందో మీ కళ్లతో చూసి, రాసి పెట్టుకుని, ఆ తర్వాతే అరువు సంగతి.

నేను పర్లాకిమిడి వాణ్ణి. ఫ్రేములు కట్టే కొట్టులో పని నేర్చుకున్నాను, తర్వాత ఇరవై ఏళ్లకు పైగా గంజాం, గజపతి, రాయగడ, అటు శ్రీకాకుళం జిల్లాలో ఎక్కడ బొమ్మల ప్రదర్శన పెట్టినా గోడకు ఎక్కించే పనీ దించే పనీ చేస్తూ వచ్చాను. తెరిచిన రోజు హడావిడి కన్నా మూడు నెలల తర్వాత ఫ్రేము వెనక అట్ట తిప్పి చూసినప్పుడు కనిపించేదే నాకు ఎక్కువ గుర్తుంటుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఇలాంటి ఒక హాల్లో నేను ఎక్కించిన బొమ్మలు 40 దాకా ఉన్నాయి. గాలి గంటకు 200 కిలోమీటర్లు. కిటికీ రెక్కలు ఊడి వాన అడ్డంగా లోపలికి కొట్టింది. దారంతా చెట్లు పడి ఉండటంతో నేను అక్కడికి చేరేసరికి మూడో రోజు. తడిసిన కాగితానికి 48 గంటల్లో బూజు మొదలవుతుంది, కాబట్టి అప్పటికే ఆలస్యమైపోయింది. నీటిరంగుల బొమ్మలు అద్దానికి అతుక్కుపోయాయి. ఒక పెద్దావిడ తన భర్త వేసిన బొమ్మలు ఏడు ఇచ్చారు, వాటిలో రెండే దక్కాయి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, ఆ రెండూ తీసుకుని వెళ్లిపోయారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కూడా మళ్లీ అదే నెల. మన తీరానికి అక్టోబరు అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీరు ఎంచుకున్న దసరా సరిగ్గా అప్పుడే పడుతుంది.

ఇక గోడ. పాత మేడ అన్నారు కాబట్టి ఇటుకా సున్నమూ అయి ఉంటుంది. నేలలోని చెమ్మ ఆ గోడల్లోంచి పైకి పాకుతుంది, రెండు మూడు అడుగుల ఎత్తు దాకా పెచ్చులూడి తెల్లగా ఉప్పు పొంగి ఉంటే అదే. దాన్ని చూసి మేస్త్రీ సిమెంటు ప్లాస్టరు కొట్టి, పుట్టీ పెట్టి, ఆయిల్ పెయింటు వేద్దాం అంటాడు. ఒప్పుకోకండి. సున్నపు గోడ గాలి పీల్చి వదులుతుంది, చెమ్మ దాని ఒంట్లోంచి ఆరిపోతుంది. సిమెంటు కొడితే ఆ దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది, మీరు బొమ్మ వేలాడదీసే ఎత్తుకు వచ్చి చేరుతుంది. పాడైన చోట గార గీకించి మళ్లీ సున్నపు గారే పెట్టించండి, పైన సున్నమే కొట్టించండి. ఈ పని తెలిసిన ముసలి మేస్త్రీలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, గుళ్ల మరమ్మతు చేసేవాళ్లను అడగండి. అంతకన్నా ముందు మేడ మీది నీళ్ల గొట్టాలు, వీధి కాలువ చూడండి, సగం చెమ్మ అక్కడి నుంచే వస్తుంది.

బొమ్మల్ని ఆ గోడకు నేరుగా తగిలించవద్దు. పొడవాటి గోడలు రెండింటికీ నాలుగంగుళాలు ఎడంగా ఇనుప ఫ్రేము నిలబెట్టి దానికి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిగించి, కిందా పైనా ఆరేసి అంగుళాలు ఖాళీ వదిలేయండి. గాలి ఆడుతుంది, గోడ ఆరుతుంది, అసలు గోడకు మేకు పడదు, కింద ఖాళీలోంచి టార్చి వేసి చెదలు పట్టిందేమో వారానికోసారి చూసుకోవచ్చు. రంగు అడిగారు, మెరుపు లేని తెలుపు గానీ లేత బూడిద గానీ చాలు, దాని గురించి అంతకన్నా ఆలోచించకండి.

ఏసీ అసలు వద్దు. చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసి తాళం వేసుకుని వెళ్తే, చల్లబడ్డ అద్దాల మీదికి సముద్రపు తేమ గాలి వచ్చి చేరుతుంది, మంచు గ్లాసు బయట నీళ్లు పట్టినట్టు పడుతుంది. రోజూ అలా తడిసి ఆరే బొమ్మ కన్నా ఏసీ లేని గదిలో ఒకే రకంగా ఉండే బొమ్మ ఎక్కువ కాలం బతుకుతుంది. పైగా మీది వీధిలోకి తెరిచి ఉండే తలుపు. పుస్తకాల్లో గాలి తేమ 50 శాతం దగ్గర ఉంచమంటారు, గోపాల్‌పూర్ సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని అది మన వల్ల కాదు. మీరు చూసుకోవాల్సింది ఒక్కటే, 65 దాటి రోజుల తరబడి అక్కడే ఉండకూడదు, దాటితే బూజు. సీలింగ్ ఫ్యాన్లు, రెండు వైపులా ఎగ్జాస్టు ఫ్యాన్లు పెట్టండి. హాలు వెనక చివర పది అడుగులు విడగొట్టి తలుపు బిగుతుగా మూసుకునే గది ఒకటి కట్టించి దానికి మాత్రం డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలో తేమ లాగేసే యంత్రం, పెట్టండి. వచ్చే ఏడు పటచిత్రాలూ తాళపత్రాలూ ఆ గదిలోనే ఉంటాయి, తుఫాను హెచ్చరిక వస్తే గోడ మీదివి కూడా దించి అక్కడే పెడతారు. ఆ గదిలో నేల మీద ఏదీ పెట్టకండి, అడుగున్నర ఎత్తున ఇనుప అరలు ఉండాలి.

వెలుతురు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చెమ్మ చేసిన పాడు కనిపిస్తుంది, వెలుతురు చేసిన పాడు పదేళ్లకు గానీ తెలియదు. కాగితం, నీటిరంగులు, పట్టు, అద్దకం గుడ్డ, తాళపత్రం లాంటి వాటి మీద వెలుతురు 50 లక్సులు మించకూడదు, లక్సు అంటే వెలుతురు కొలత. నూనె రంగులకు 200 దాకా ఫరవాలేదు. రాయికీ ఇత్తడికీ మట్టికీ ఆ బాధ లేదు. లక్సు మీటరు కొనండి, ఫోనులో కూడా కొలవవచ్చు గానీ అది ఉజ్జాయింపు. వెలుతురు లెక్క కూడుకుంటూ పోతుంది, సెలవిచ్చినా తగ్గదు. 50 లక్సుల కింద రోజుకు 8 గంటలు ఉంచితే 400 లక్సు గంటలు. నడినెత్తి ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది, అంటే అలాంటి ఎండలో ఒక్క గంట పెడితే మీ హాల్లో 250 రోజులు ఉంచినంత. మీ గుమ్మం పడమర కాబట్టి సాయంత్రం ఎండ ఏటవాలుగా ఎంత దూరం వస్తుందో ఇప్పుడే చాక్‌పీసుతో నేల మీద గీసి పెట్టుకోండి, నెలనెలా ఆ గీత జరుగుతుంది.

దీనికి నేను ఇచ్చే ఉపాయం, గుమ్మం నుంచి ఎనిమిది అడుగుల లోపల ఒక అడ్డుగోడ, రెండు వైపులా మనిషి తిరిగి వెళ్లేంత దారి వదిలి. ఎండ దానికే తగిలి ఆగిపోతుంది. వీధిలోంచి కనిపించేది ఆ గోడ ముఖమే కాబట్టి దాని మీద పెద్ద ప్రింటు ఒకటి పెట్టండి, పాడైతే మళ్లీ వేయించుకునేది, నెలకోసారి మార్చేది. గాజులకో జాకెట్టు ముక్కకో బజారుకు వచ్చిన ఆవిడ గుమ్మం దగ్గర తల తిప్పి చూసి ఆగేది దాని కోసమే. లైట్లు ఎన్ని అంటే ముందుగానే లెక్క చెప్పలేను, పైన ట్రాక్, అంటే లైట్లు జరుపుకునే పట్టీ, వేసి దానికి ఎల్ఈడీ స్పాట్‌లు తగిలిస్తే బొమ్మను బట్టి జరుపుకోవచ్చు. కొనేటప్పుడు సీఆర్ఐ, అంటే రంగులు ఎంత సరిగ్గా కనపడతాయో చెప్పే అంకె, 90 పైన ఉన్నవే తీసుకోండి, లేకపోతే ఎరుపు ఎరుపుగా కనపడదు. లైటు నిలువు నుంచి 30 డిగ్రీల ఏటవాలులో పడాలి, అప్పుడు అద్దంలో చూసేవాళ్ల ముఖం కనపడదు. పాత వైరింగు మొత్తం పీకించి కొత్తది వేయించండి. 6 లక్షల్లో మొదటి రూపాయి దానికే, ఇందులో బేరం లేదు. నిప్పు ఆర్పేందుకు కార్బన్ డయాక్సైడు సిలిండర్లు పెట్టుకోండి, పొడి చల్లేది బొమ్మను కాపాడకపోగా పాడు చేస్తుంది.

ఎత్తు గురించి ఒక్క ముక్క. బొమ్మ నడిమధ్య నేల నుంచి 57 అంగుళాల దగ్గర ఉండాలి. 30 అంగుళాల బొమ్మ వెనక తీగ లాగి పట్టుకుంటే పై అంచుకు 3 అంగుళాలు కింద ఉందనుకోండి, 57కి 15 కలిపి 3 తీసేస్తే 69, మేకు అక్కడ. ఒక్క మేకు కాకుండా రెండు కొడితే బొమ్మ వంకర తిరగదు. హాల్లో ఎక్కడ చూసినా మనవాళ్లు తలెత్తి చూడాల్సినంత పైన పెడతారు, దేవుడి పటం పెట్టే అలవాటు అది.

ఫ్రేముల గురించి నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లకీ చెప్పేదే మీకూ చెబుతున్నాను. సెల్లో టేపు బొమ్మకు తగలకూడదు, వెనక న్యూస్‌పేపరు పెట్టకూడదు, అద్దం బొమ్మకు ఆనకూడదు, మధ్యలో మౌంటు, అంటే బొమ్మ చుట్టూ ఉండే మందపాటి అట్ట, ఉండి తీరాలి. అతికించాల్సి వస్తే గోధుమ గంజే, అది నీళ్లతో ఊడి వస్తుంది. పటచిత్రం చింతగింజల జిగురూ సుద్దా పూసిన గుడ్డ మీద వేస్తారు కాబట్టి ఆ జిగురు కోసం పురుగులు వస్తాయి, మడత పెడితే రంగు పగులుతుంది. బల్లపరుపుగా ఉంచండి. చుట్టక తప్పకపోతే లావాటి గొట్టానికి బొమ్మ బయటి వైపు ఉండేలా చుట్టండి. లోపలికి చుడితే రంగు నలిగి రాలుతుంది, ఇది చాలామందికి తెలియదు.

మరి ఈ ఏడు ఏం పెట్టాలి? తలుపు తెరవమన్నాను కదా. ఇంటింటికీ వెళ్లి పాత ఫొటోలు అడగండి, వాళ్ల ఎదుటే స్కాన్ చేసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి, మీ హాల్లో ప్రింట్లు పెట్టండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ ఊరు మద్రాసు కింద ఉండేది. ఆ కాలపు పెళ్లి ఫొటోలు, బడి ఫొటోలు, కొట్టు ముందు నిలబడ్డ తాతల ఫొటోలు ఎన్ని ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయో. పట్టు నేసే దేవాంగుల వీధుల్లోకి వెళ్లండి, చీర వద్దు, మగ్గం పనిముట్లు అడగండి, నేసే మనిషిని వారానికో రోజు వచ్చి కూర్చోమనండి. గుడి గోపురం ఆకారపు అంచు ఎలా ఎక్కుతుందో ఆయన నోటితో చెప్తుంటే వినడానికి జనం నిలబడతారు, నేను చూశాను. ఖల్లికోటలో ప్రభుత్వ చిత్రకళా కళాశాల ఉంది, అక్కడి పిల్లలు వేసే బొమ్మలకు మన జిల్లాలో గోడ లేదు. భువనేశ్వర్‌లో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడికి వెళ్లి హాలు చూసి, పనిచేసేవాళ్లతో మాట్లాడి రండి.

సవర గిరిజనుల బొమ్మలు పెట్టాలని రాశారు, సంతోషం. ఒక్కటి గుర్తుంచుకోండి. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ వాళ్ల ఇంట్లో పూజ. పెద్దల కోసం, దేవతల కోసం వేస్తారు. దాన్ని గోడతో సహా పెళ్లగించి తెచ్చేవాళ్ల దగ్గర ఏదీ కొనకండి. గుడ్డ మీదా కాగితం మీదా అమ్మకానికి వేసే చిత్రకారులు రాయగడ, గజపతి జిల్లాల్లో ఉన్నారు, వాళ్లను పిలవండి, డబ్బిచ్చి వేయించండి, కింద చీటీ మీద వేసినవాళ్ల పేరు, ఊరి పేరు రాయండి. "గిరిజన కళ" అని రాసి వదిలేస్తే మన పేరున్న చిత్రకారుడికి మనిచ్చే మర్యాద వాళ్లకు ఇవ్వనట్టే. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు చేశారు. ఆ నేల మీద మనం ఒక పేరు అడిగి రాసుకోలేమా?

చీటీలు ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలోనూ ఉండాలి, ఒడియా పైన. మన తెలుగు సంఘం డబ్బుతో చేస్తున్నాం కదా తెలుగు పైన ఉండాలని మీ కమిటీలో ఎవరో అన్నారని రాశారు. నేను ఒప్పుకోను. ఊరందరి గ్యాలరీ అన్నప్పుడు ఊరి భాష ముందు. ఇంకో సంగతి, మన పిల్లల్లో తెలుగు చక్కగా మాట్లాడినా చదవడం రానివాళ్లే ఎక్కువ, బడి ఒడియాలోనో ఇంగ్లీషులోనో కాబట్టి. వాళ్లకు తెలుగు చీటీ పనికిరాదు, తెలుగులో చెప్పే మనిషి కావాలి. ఆదివారం సాయంత్రం ఒక పెద్దాయనో పెద్దావిడో గంటసేపు బొమ్మల మధ్య తిరుగుతూ తెలుగులో చెబితే, ఆ గంట కోసం వచ్చే పిల్లలు మళ్లీ స్నేహితులను తీసుకొస్తారు. మీ మొత్తం ఆలోచనలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, ఖర్చు లేదని దీన్ని చివరికి తోసేయకండి.

వేళలు పది నుంచి ఐదు అని పెట్టారు, అది ఆఫీసు వేళ. మధ్యాహ్నం షట్టర్లు దింపి నిద్రపోయే ఊళ్లో, జనం బజారుకు వచ్చేది సాయంత్రం. నాలుగు నుంచి ఎనిమిదిన్నర పెట్టండి, సోమవారం మూసేయండి. రెండేళ్లకోసారి ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, వచ్చినప్పుడు అర్ధరాత్రి దాకా తెరిచి ఉంచండి, వేషాలు కట్టిన పిల్లలతో సహా ఊరంతా ఆ వీధుల్లోనే ఉంటుంది. లోపల నాలుగు బల్లలు, తాగే నీళ్లు, ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్. బజారులో అది దొరకక ఇబ్బంది పడే ఆడవాళ్లు దాని కోసం వచ్చినా రానివ్వండి. ముంబైలో 1952 నుంచి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ అలాగే, టికెట్టు లేదు, రోడ్డు మీద పోయేవాళ్లు లోపలికి వస్తారు. మనవాళ్లలో కూడా రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరు మీద చిత్రశాల ఉంది. ఆయన 1925లో 27 ఏళ్లకే పోయారు, అయినా ఆయన బొమ్మలు ఇవాళ్టికీ ఆయన ఊళ్లోనే చూడవచ్చు. ఒకసారి మీ కమిటీని తీసుకుని వెళ్లి రండి, రైల్లో ఒక రాత్రి ప్రయాణం.

వచ్చే ఏడు అరువు తెచ్చేటప్పుడు నోటి మాట మీద ఒక్క వస్తువు కూడా కదపకండి, సొంత మేనమామ ఇచ్చినా సరే. తెచ్చిన రోజే పక్క నుంచి టార్చి వేసి ప్రతి పగులు, ప్రతి మరక ఫొటో తీసి, కాగితం మీద రాసి, ఇచ్చినవాళ్ల సంతకం, మీ సంతకం. బీమా అనేది, వస్తువు ఇచ్చినవాళ్ల గోడ మీంచి దించినప్పటి నుంచి తిరిగి వాళ్ల గోడ మీద పెట్టేదాకా వర్తించాలి, మీ హాల్లో ఉన్నంతసేపటికే తీసుకుంటే దారిలో ఆటో తిరగబడితే దిక్కు లేదు. వందేళ్లు దాటిన కళావస్తువులు, 75 ఏళ్లు దాటిన తాళపత్ర గ్రంథాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటికి రిజిస్ట్రేషన్ కావాలా అన్నది తెచ్చే ముందే పురావస్తు శాఖ వాళ్లను అడగండి. బతికున్న చిత్రకారుడి బొమ్మను పోస్టరు మీద వేసుకోవాలంటే బొమ్మ కొన్నవాళ్ల అనుమతి చాలదు, వేసినవాళ్ల అనుమతి కావాలి. కాపీరైటు మామూలుగా చిత్రకారుడిదే, ఆయన తర్వాత 60 ఏళ్ల దాకా వారసులది. పట్టుచీరలైతే మూడు నెలలు చూపించి దించేసి చీకట్లో ఉంచండి, మడత మీద మడత పడకుండా.

తుఫాను కాగితం ఒకటి ఇప్పుడే రాసి గోడకు అంటించండి. హెచ్చరిక వచ్చిన రోజు ఎవరు వస్తారు, తాళాలు ఎవరి దగ్గర, ఏది ముందు దించాలి, పాలిథిన్ షీట్లు ఎక్కడ. తడిసినవి ఉంటే ఎండలో పెట్టొద్దు, ఒకదాని మీద ఒకటి అంటుకున్నవి లాగొద్దు, బొమ్మ పైకి ఉండేలా విడివిడిగా పరిచి ఫ్యాను గాలి నేరుగా తగలకుండా గదిలో తిరిగేలా పెట్టాలి. అద్దానికి అతుక్కున్నది అద్దంతోనే ఉంచి తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ రోజు నాకు ఇది తెలిసి ఉంటే ఆ పెద్దావిడ బొమ్మల్లో ఇంకో రెండు దక్కేవి.

ఇప్పుడు చేయాల్సింది, గాలిలో తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్లు మూడు కొనండి, ఒక్కోటి వెయ్యి లోపే. ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి నడిమధ్య, ఒకటి వెనక మూల. ఉదయం ఏడింటికీ రాత్రి తొమ్మిదింటికీ చూసి నోటుబుక్కులో రాయండి, ఒక్క రోజు కూడా మానకుండా. నెల రోజుల లెక్కలు, నాలుగు గోడల ఫొటోలు, ముఖ్యంగా కాలువ వైపు ఉన్న గోడ అడుగు భాగం ఫొటో ఇక్కడ పెట్టండి. అవి చూశాక ప్లైవుడ్ ఎన్ని షీట్లు పడుతుందో, ట్రాక్ ఎక్కడి నుంచి ఎక్కడికి లాగాలో చెబుతాను. అవసరమైతే ఒక ఆదివారం నేనే వచ్చి చూస్తాను, పర్లాకిమిడి నుంచి పొద్దున్నే బస్సు ఉంది.